ఏసుకుమార్‌కి గాలి మార్పు

ఏలూరు

మహారాజశ్రీ నరసరాజుగారి సముఖానికి, తమ అపార్ట్‌మెంట్ల మేనేజరు ఏసుకుమార్ అనేక నమస్కారాలతో రాయునది.

తమరి దయవల్ల ఇక్కడ రెండు బ్లాకులూ క్షేమం. పని సంగతులు ఫోన్లో చెబితే గాలికి పోతాయి, కాగితం మీద పెట్టమన్నారు కాబట్టి రాస్తున్నాను.

పెద్ద సంగతేం కాదండి. అచ్చాయమ్మగారు బాల్కనీలో ఎండబెట్టిన రొయ్యల మీద, పై అంతస్తు గాయత్రిగారు తులసికి పోసిన నీళ్లు కారుతున్నాయి. తులసిని కదపమంటే గాయత్రిగారికి పాపభయం. రొయ్యలు తీయమంటే అచ్చాయమ్మగారికి కోపం. ఇద్దరూ నాకే ఫోన్ చేస్తారు. మొన్న ఆదివారం చర్చిలో పాస్టరుగారి నోట నీళ్లు అనే మాట వినగానే నేను లేచి నిలబడి, "మోటారు వేశానండీ, ఇప్పుడే ఎక్కుతాయి" అన్నాను.

డాక్టరుగారు దీన్ని బర్నౌట్ అన్నారు. ఒళ్లు బాగానే ఉంటుందట, లోపల మనిషి అయిపోతాడట. కొన్నాళ్లు గాలి మార్పు ఉంటే మంచిదన్నారు. మా ఆవిడ పెర్సిస్ పుట్టిల్లు కొల్లేటికోట. తొందరేం లేదండి, తమరి వీలు చూసుకుని ఆలోచించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు ఏసుకుమార్

తా.క. ఈ ఉత్తరం రాస్తుండగా ఫోన్ మోగింది. ఎత్తబోతే, అది పొద్దుట్నుంచీ చార్జింగు లేక ఆగిపోయి ఉందండి.

తాడేపల్లిగూడెం

ఏసుకుమారుగారికి నరసరాజు ఆశీస్సులు.

మీ ఉత్తరం మా ఆవిడ సుబ్బాయమ్మకి కూడా చదివి వినిపించాను. దేవుడి సన్నిధిలో కూడా మన మోటారుని మర్చిపోని మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు దొరుకుతారా? ఆగిపోయిన ఫోన్ కూడా మీకు వినబడుతోందంటే, అదండీ శ్రద్ధ!

గాలి మార్పు అన్నారు. మీరు అడగడమూ, నేను కాదనడమూనా? దెందులూరులో హైవే పక్కన మన గోడౌన్లు ఉన్నాయి కదా, అక్కడ గాలి దివ్యంగా వస్తుంది. రేపట్నుంచి అవి కూడా మీరే చూసుకోండి.

శుభం కోరే,
నరసరాజు

తా.క. నాకూ ఈమధ్య నిద్ర సరిగ్గా పట్టడం లేదు. లోపల మనిషి అయిపోవడం అంటే ఎలా ఉంటుందో కాస్త వివరంగా రాయండి.

ఏలూరు

నరసరాజుగారికి ఏసుకుమార్ నమస్కారాలు.

దెందులూరులో గాలి తమరు సెలవిచ్చినట్టే ఉందండి. లారీ వెళ్లినప్పుడల్లా వస్తోంది.

తమరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. నిద్ర లేచేసరికే అలసిపోయి ఉంటాను. ఎవరు నవ్వినా, ఏదో రిపేరు చెప్పడానికే నవ్వుతున్నారనిపిస్తుంది. మొన్న మా పెళ్లిరోజు. పెర్సిస్ కొత్త చీర కట్టుకుని, "ఏవండీ, నాతో ఓ గంట కూర్చుని ఎన్నాళ్లైందో తెలుసా?" అంది. "మీ కంప్లైంటు రాసుకున్నానండి, వరసలో చూస్తాం" అన్నాను. తను ఏడవలేదు, కోప్పడలేదు. బట్టలు సర్దుకుంది. "మేనేజరుగారు రానక్కర్లేదు, మా ఆయన్ని పంపండి" అని చెప్పి, కొల్లేటికోటలో వాళ్లమ్మ మరియమ్మగారి దగ్గరికి వెళ్లిపోయింది.

నాకు భయంగా ఉందండి. అయినా పనికేమీ ఆటంకం లేదు. తమరు పెద్దవారు, గ్రహించగలరు.

ఇట్లు,
విధేయుడు ఏసుకుమార్

తా.క. తను గుమ్మం దిగుతుంటే, "ఫ్లాటు తాళాలు అప్పజెప్పారా?" అని కూడా అడిగానండి.

తాడేపల్లిగూడెం

ఏసుకుమారుగారికి ఆశీస్సులు.

గ్రహించాను. ఇంట్లో ఒంటరిగా ఉంటే మనసు పాడవుతుంది. దానికి మందు పనే. అందుకని తణుకులో మన షాపింగ్ కాంప్లెక్సు కూడా మీకే అప్పగిస్తున్నాను. మొహమాటపడకండి, వద్దంటే ఒప్పుకోను.

మీ లక్షణాలు చదువుతున్నంతసేపూ సుబ్బాయమ్మ నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. నిన్న తను కాఫీ తెచ్చిస్తే, "అగ్రిమెంటు మీద సంతకం అయిందా?" అన్నాను.

మీ మేలు కోరే,
నరసరాజు

తా.క. ఆ కొల్లేటికోట ఎలా ఉంటుందండి?

ఏలూరు

నరసరాజుగారికి వేవేల నమస్కారాలు.

తమరు ఆ ప్రశ్న అడిగేసరికి కళ్లనీళ్లు తిరిగాయండి. తమరి మనసు అర్థమైంది.

మా అత్తగారి అరుగు మీద కూర్చుంటే కనుచూపు మేరా నీళ్లే. ట్యాంకులోకి ఎక్కించనక్కర్లేని నీళ్లండి. గూడబాతులు గుంపులుగా దిగుతాయి, పార్కింగు దగ్గర గొడవపడవు. దోనెలో కాస్త లోపలికి వెళ్తే ఫోన్‌కి సిగ్నలు ఉండదు. మధ్యాహ్నం మరియమ్మగారు కొరమేను పులుసు పెట్టి, తిన్నవాళ్లని పొద్దువాలేదాకా లేవనివ్వరు. అయిపోయిన మనిషి అక్కడ మళ్లీ మొదలవుతాడండి. ఇంతకన్నా విడమర్చి రాయడం మర్యాద కాదు.

ఇట్లు,
ఏసుకుమార్

తా.క. బ్యాగు సర్దుకునే ఉన్నాను.

కొల్లేటికోట

ఏసుకుమారుగారికి, మరియమ్మగారి అరుగు మీంచి నరసరాజు ఆశీస్సులు.

మీ ఉత్తరం విని సుబ్బాయమ్మ ఒకటే మాట అంది. "ఈ జబ్బు మీదేనండి. పాపం ఆ అబ్బాయి పెద్దవాళ్ల మొహాన చెప్పలేక, తనకే ఉన్నట్టు రాస్తున్నాడు." నాకు ఒళ్లు జలదరించింది. యజమాని మనసు నొప్పించకుండా జబ్బు చెప్పి, మందు చెప్పి, ఊరి పేరు కూడా చెప్పారు. ఏం సంస్కారమండీ! మర్నాడే ఇద్దరం బయల్దేరి వచ్చేశాం. బ్యాగు సర్దారన్నారుగా, నేను తిరిగొచ్చేదాకా దానితో తాడేపల్లిగూడెంలో మా ఇంట్లోనే ఉండి, అక్కడి అద్దె వాటాలు కూడా చూసుకోండి.

మీ ఉత్తరాలు మందు చీటీల్లా వెంట తెచ్చుకున్నాను. మీ ఆవిడ కూడా అన్నీ చదివింది. మొదట్లో తెగ నవ్వింది, తర్వాత ఎందుకో మీ రెండో ఉత్తరం మళ్లీ అడిగి తీసుకుని చదివింది.

మీ రుణం తీర్చుకోలేని,
నరసరాజు

తా.క. నాకొచ్చే ఫోన్లన్నీ మీ నంబరుకి మళ్లించాను.

ఇంకో తా.క. ఏవండీ, నేను పెర్సిస్‌ని. రాజుగారు భోంచేసి నిద్రపోతున్నారు, అందుకని ఈ కాగితం చివర నేను రాస్తున్నాను. భయంగా ఉందని రాజుగారికి రాశారు. ఆ ఒక్క మాట నాతో అని ఉంటే నేను గుమ్మం దిగేదాన్నే కాదు. సెలవు రాజుగారు ఇవ్వరు, మీరు అడగరు. అందుకని నేనే ఇస్తున్నాను. తాళాలు వాచ్‌మన్ సాల్మన్‌కి ఇచ్చేసి, పొద్దున్న బస్సుకి వచ్చేయండి. వస్తున్నట్టు మాత్రం ఎవరికీ చెప్పకండి. ఎవరైనా ఉండమంటే మీరు మొహమాటానికి ఉండిపోతారు.