మట్టిలో కలవని దారం

బాపూ, ఇచ్చోడ గుట్ట మీద మేం బాగున్నాం, ఫికర్ చేయకు. ఇక్కడ ఫోన్ సిగ్నల్ అందదు, అందుకే ఈ కార్డు.

వానలకు వాలు మట్టి కొట్టుకుపోతోందని, నువ్వు సిరిసిల్ల నుంచి పంపిన మరమగ్గం వేస్టు దారాన్ని మడుల్లో పరిచి మట్టి కప్పాను. మురిగి ఎరువవుతుందనుకున్నాను. పోయిన నెల గెణుసుగడ్డలు తవ్వితే, దారం గులాబీ రంగైనా పోకుండా గడ్డలకు చుట్టుకుని బయటికొచ్చింది. కొస కాల్చి చూస్తే బూడిద కాలేదు, ముద్దకట్టింది. అంతా పాలిస్టరే! "మగ్గాల ఇంట్ల పుట్టినవ్, గీ కాల్చి చూసుడు ముందుగాల్నే చెయ్యొద్దా?" అని నీ అల్లుడు ఒకటే నవ్వు. ఇద్దరం కూర్చుని పోగు పోగూ ఏరాం.

ఒక్క మూల మాత్రం మట్టి నల్లగా, గుల్లగా, నిండా మెలికలు తిరిగే ఎర్రలతో ఉంది. దారం చాలక అక్కడ నువ్వు చేమగ్గం మీద నేసిన పాత నూలు తువ్వాల పరిచాను. వెతికినా ఒక్క పోగు దొరకలేదు. గడ్డలు అక్కడే బాగా ఊరాయి.

ఇక దారం పంపకు. చినిగిన నూలు ధోవతులుంటే పారేయకుండా పంపు. గడ్డలు ఇసుకలో దాచాను, గుమ్మడికాయలు దూలానికి కట్టాను, ఎండాకాలం దాకా ఫికర్ లేదు. నీ దగ్గు తగ్గిందా? అవ్వ మోకాళ్లకు నూనె రాసుకుంటోందా? ఆమెకు నా దండాలు చెప్పు.

చేమగ్గం అమ్మిన నాడు, "నా నేత ఇగ యాడ మిగుల్తది బిడ్డా" అన్నావు. మిగల్లేదు బాపూ, మట్టయింది. అందులో ఇప్పుడు ఎల్లిపాయ మొలిచింది.

నీ బిడ్డ,
పద్మలత