కూలర్ వెనక కూనలు

శనివారం, రాత్రి

...అందుకే అమ్మకి కూడా చెప్పలేదు. పిల్లి తన కూనల్ని మా బాల్కనీలో కూలర్ వెనక పెట్టుకుంది. రేపు పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ పిల్లులన్నిటినీ గోనెసంచిలో వేసి కృష్ణా నది అవతల వదిలేస్తారట. సాయంత్రం మీటింగ్‌లో, "ఆపరేషన్ చేయిస్తే ఇక పిల్లలు పెట్టవు కదా అంకుల్" అన్నాను. సెక్రటరీ గారు నవ్వేశారు. "ముందు నీ టెన్త్ సంగతి చూసుకోమ్మా!"

పామర్రులో అమ్మమ్మ వాళ్ల వీధిలో పిల్లి కూనల్ని ఇల్లిల్లూ తిప్పేది. ఎవరింటికొస్తే వాళ్లే పాత చీర పరిచేవాళ్లు. "బాలింతొచ్చిందే, గట్టిగా మాట్లాడకు" అనేది అమ్మమ్మ. ఆ గుసగుస ఇంకా చెవిలోనే ఉంది. ఇక్కడ ఎవరింటికి తీసుకెళ్లాలి? భయమేస్తోంది.

తలుపు కొడుతున్నారు. నాన్న. "ఏంటమ్మా, బాల్కనీలో ఆ అరుపు?"

ఈ కాగితాలైతే పరుపు కింద దాచేస్తాను. కూనల్ని ఎక్కడ...