ఎర్ర ముద్ర పడని కాగితం

సూరత్, అడాజన్
బుధవారం

అమ్మకు,

నీ పెద్దబిడ్డ విజయశ్రీ కాళ్ళకు మొక్కి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నీ అల్లుడు సంపత్, మనవరాలు కీర్తీ క్షేమం. భివండీలో చెల్లి లత ఇంట్లో మీరంతా క్షేమమేనని తలుస్తాను అని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు. అందుకే ముందే చెప్తున్నాను. ఈ ఉత్తరం రేపటికల్లా అందేలా కొరియర్‌లో వేస్తున్నాను, అందిన పూట నుంచే చెవికి వేసుకునే ఆ తెల్ల మాత్రలు ఆపేయి. ఎందుకో రాస్తాను. అద్దాలు పెట్టుకుని నిదానంగా చదువు. మధ్యలో వదిలేయకు.

ఆదివారం వీడియోలో చెబుదామనుకున్నాను. కానీ నా పెదాలు చూసి నువ్వు సగం ఊహిస్తావు, మిగతా సగానికి నవ్వి తలూపుతావు. మాత్రలు ఆపమని లత పలక మీద రాసి చూపించినా లాభం లేకపోయిందట. "ఏందక్కా ఇది, అమ్మ నా మాట ఇంటనే లేదు. నువ్వు పంపిన కాగితం తెచ్చి నా ముందట పెట్టింది. 'నా బిడ్డ పెద్ద దవాఖాన లైబ్రరీల సదివి ముద్ర గొట్టి పంపింది, నీ మాట కన్న తక్వనా' అంటున్నది" అని నెత్తి కొట్టుకుంది. నీ మొండితనం నాకు తెలియనిదా? నీ నుంచి నాకు వచ్చింది కూడా అదొక్కటే.

జోల్వాలో నువ్వు పనిచేసిన మరమగ్గాల షెడ్డు ఇంకా ఉందా అని అడిగావు. ఉంది. పోయిన నెల సంపత్‌తో స్కూటర్ మీద వెళ్ళి చూసొచ్చాను. మగ్గాలు మార్చారు, మోత మాత్రం మారలేదు. గేటు బయట నిలబడి కూడా మేం రెండు మాటలు మాట్లాడుకోలేకపోయాం. ఆ మోతలో పద్దెనిమిదేళ్ళు కూర్చుని కండెలు చుట్టావు. నా కాలేజీ ఫీజుల కోసం చుట్టావు. చెవులు అక్కడే పోగొట్టుకున్నావు. కీర్తి రోజూ "మమ్మీ, అమ్మమ్మ కబ్ ఆయేగీ, ఎప్పుడొస్తది? సర్వపిండి ఎవరు చేస్తరు?" అని ప్రాణం తీస్తున్నది.

నా ఉద్యోగం ఎట్లా ఉందన్నావు. ఉద్యోగం ఉంది, మా మెడికల్ కాలేజీ లైబ్రరీయే గుర్తుపట్టలేకుండా మారిపోయింది. నువ్వొకసారి వచ్చినప్పుడు గోడంత అల్మారాలు చూసి నోరు తెరిచావు కదా, వాటిలో సగం ఖాళీ. వైద్య పత్రికలన్నీ కంప్యూటర్‌లోకి వచ్చేశాయి, అచ్చువి మానేశాం. పాత బైండింగులను ఈ నెలాఖరుకు పస్తీవాడికి, అదే పాత కాగితాలు కొనేవాడికి, తూకానికి వేసేయమని పైనుంచి ఆర్డరు వచ్చింది. పుస్తకం కోసం వచ్చే పిల్లలు లేరు. ఫోన్‌లో ఏదో చదివి, "మేడమ్, ఇది నిజమేనా?" అని వచ్చే పిల్లలున్నారు. ఏది నమ్మాలో, ఎట్లా వెతకాలో వారానికి రెండు క్లాసులు చెప్తాను. ఒక మందు గురించి ఎవరో రాశారంటే, ఆ రాసింది ఇవాళ్టికీ నిలబడి ఉందా లేదా చూడకుండా ఎవరికీ చెప్పొద్దని బల్ల గుద్ది చెప్తాను. నా మాటలు నాకే ఎదురు తిరిగాయమ్మా.

నాకు పని నేర్పిన గణపతి సార్ నీకు గుర్తుండాలి, నీకు కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. ఏదైనా పరిశోధన తప్పని తేలి పత్రికవాళ్ళు దాన్ని వెనక్కి తీసుకుంటే, ఆయన ఆ పూటే అల్మారా నుంచి ఆ సంపుటం దించి, మొదటి పేజీ మీద ఎర్ర ముద్ర వేసేవాడు. ఫైళ్ళలో దాచిన జిరాక్సు కాపీలను కూడా వెతికి మరీ వేసేవాడు. "దీన్ని సదివి ఎవలన్న రోగికి మందు రాస్తే ఆ పాపం మనదేనమ్మా" అనేవాడు. ఐదేళ్ళ కింద ఆయన రిటైరైనాక ఆ పని నాది. కంప్యూటర్‌లో పేజీ తెరవగానే పైనే రాసి ఉంటుంది కదా అని నేను ఆ ముద్రను సొరుగులో పడేశాను.

పోయిన వారం పస్తీకి వేసేముందు సంపుటాలను ఒక్కొక్కటే కంప్యూటర్‌తో సరిచూస్తున్నాను. చెవి జబ్బుల పత్రిక సంపుటం తెరిచాను. నీకు పంపిన పరిశోధన అందులోదే. దాన్ని వెనక్కి తీసుకుని నాలుగేళ్ళయింది. అందులో రాసిన రోగులే లేరట, అంకెలన్నీ కల్పించారట. నేను నీకు పంపింది ఎనిమిది నెలల కింద. ఆ రోజు కంప్యూటర్ తెరవలేదు. గణపతి సార్ ఫైల్లో కాపీ కనబడింది, ఎర్ర ముద్ర లేదు, చెవులు మళ్ళీ వినబడతాయని రాసుంది. నాకంతే చాలింది. ఉరుకులాడి జిరాక్సు తీసి, లైబ్రరీ గుండ్రటి ముద్ర కొట్టి పంపాను. మీ వీధి డాక్టరు దాన్ని చూసే మందు రాశాడు. ఊరందరికీ చెప్పే జాగ్రత్త, కన్నతల్లి దగ్గర నాకు గుర్తురాలేదు.

ఇక నీ అసలు ప్రశ్న. "కాళ్ళు వాస్తున్నయి, ఉప్పు తగ్గియ్యాల్నా?" అని రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు. ఆ మందు కొందరికి కిడ్నీల మీద పడుతుందట. మా కాలేజీ డాక్టర్ కమలాకర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. మాత్రలు ఆపి వెంటనే రక్తపరీక్ష చేయించాలని, సాధారణంగా ఆపితే సర్దుకుంటుందని, ఆలస్యం మాత్రం చేయొద్దని అన్నారు. శుక్రవారం పొద్దున పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని లతకు చెప్పాను. పరగడుపున వెళ్ళు. శనివారానికల్లా నేనూ అక్కడుంటాను.

ఇంకొకటి. మాత్రలతో చెవి తెరుచుకుంటున్నదనీ, లత చంటిదాని ఏడుపు వినబడుతున్నదనీ రాశావు. ఆ ముక్క ఆఫీసులో అందరికీ చూపించాను. మొన్న లత చెప్పింది. ఉయ్యాల తాడు కొస నీ కాలి వేలికి కట్టుకుని పడుకుంటావట. పిల్ల కదిలితే తాడు గుంజుతుంది, నువ్వు లేస్తావు. నీకేమీ వినబడటం లేదు కదమ్మా? నా మాట వట్టిది కావద్దని అట్లా రాశావు. కోపం చేస్తున్నానని అనుకోకు. ఏడుస్తున్నాను.

ఈ కవరులో ఇంకో కాగితం ఉంది, నీ దగ్గరున్నదే. మొదటి పేజీ మీద గణపతి సార్ ఎర్ర ముద్ర నా చేత్తో వేశాను. నీకు ఇంగ్లిషు రాదని పక్కనే తెలుగులో 'ఇది చెల్లదు' అని రాసి, కింద లైబ్రరీ గుండ్రటి ముద్ర కూడా కొట్టాను. ఆ ముద్రను చూసే కదా లత మాట కాదన్నావు. అదే ముద్ర, అదే బిడ్డ చెప్తున్నది. నేను తప్పు చెప్పాను. మాత్రలు పారేయి.

ఉయ్యాల తాడు మాత్రం విప్పకు. చంటిదాని ఏడుపు నీకు నిజంగా చెప్పేది అదొక్కటే.

ఇట్లు,
శనివారం నీ ఎదుట తలవంచుకుని నిలబడబోయే
నీ పెద్దబిడ్డ
విజయశ్రీ