చెరకాకు కోసిన కన్ను

అవ్వా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నాలుగు రోజుల కింద అత్త కంట్లో చెరకాకు కోసుకుంది. మామ శుక్లాల ఆపరేషన్ తర్వాత వాపు తగ్గడానికిచ్చిన చుక్కల మందు మిగిలితే, అది నా చేతికిచ్చి ఒళ్లో తల పెట్టింది.

"మీ అవ్వకైతే దినామూ ఏస్తావుంటివంట గదా. నాకైతే చేతులు రావా?"

నీ కంటి దెబ్బకు నేను వేసిందీ ఎవరికో మిగిలిన అలాంటి మందే. నొప్పి తగ్గితే మానుతోందనుకున్నాం. ఆ మందువల్లే గాయం మానక నల్లగుడ్డు మీది పొర కరిగిందని తిరుపతి డాక్టరమ్మ నాతోనే చెప్పింది. నేను నీక్కూడా చెప్పలేదు.

"వద్దత్తా. ఇట్లాంటి మందేసే మా అవ్వ కన్ను పోగొట్టినాను."

అత్త లేచి మామతో ఆసుపత్రికి పోయింది. కన్ను దక్కింది. అప్పటినుంచి నేనిచ్చిన నీళ్లు తాగడం లేదు.

నువ్వు చివరిదాకా నా చేతి ముద్దే అడిగావు.