దానంతట అదే రావాలి

ప్రియమైన అక్కా,

నువ్వు పంపిన కుక్కపిల్ల చేరింది. బఠాణీ అని పేరు పెట్టాను. గుప్పెడంత లేదు, ఇల్లంతా తడిపేసింది.

నీ మరదలు మొన్న ఆస్పత్రిలో ఏడ్చింది. "నడుం కింద చచ్చుబడ్డాక, నేల మీద సూది పడ్డా ఇంకొకరిని బతిమాలుకోవాలి" అంది. తను ఇంటికొచ్చేసరికి పడినవన్నీ బఠాణీ తీసిచ్చేలా చెయ్యాలి. అందుకే ముందుగా చక్రాల కుర్చీ కొని హాల్లో పెట్టాను. దీనికేమో అదంటే హడల్. నిన్న మెడపట్టీ పట్టుకుని కుర్చీ దగ్గరికి లాక్కెళ్లాను. సోఫా కిందికి దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఇప్పుడు నన్ను చూసినా దూరుతోంది.

ఏం చెయ్యమంటావు?

చేతులెత్తేసిన నీ తమ్ముడు


ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్‌లో చెప్తే ఊఁ కొట్టి మర్చిపోతావు. ఈ కాగితం గోడకి అంటించుకో.

కుక్కపిల్ల నువ్వు బాగుచేసే లిఫ్టు కాదు, మీట నొక్కగానే రావడానికి. లాగకు. కుర్చీని కదపకు. నువ్వు పక్కన నేల మీద కూర్చో. అది కుర్చీ వైపు చూస్తే ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి విసురు. అడుగు వేస్తే ఇంకోటి. వెనక్కి పోతే పోనీ. పోవడానికి దారి ఉందని తెలిస్తేనే దగ్గరికొస్తుంది.

ముట్టుకునే ముందు చెయ్యి చాపి ఆగు. ముక్కు ఆనిస్తే సరే అన్నట్టు. మొహం తిప్పుకుంటే వద్దన్నట్టు. దాని "వద్దు" నువ్వు వింటావని దానికి నమ్మకం కుదరాలి. ఇక్కడ మా కుక్కల శిక్షణ అంతా ఇంతే.

ఇంకోటి. "రా" అనే మాట మంచికే వాడు. రమ్మని పిలిచి మందు మింగించావో, ఆ మాట పనికి రాకుండా పోతుంది.

మొండిఘటాల పంతులమ్మ,
మీ అక్క


అక్కా,

గెలిచాను! బఠాణీ నిన్న దానంతట అదే వచ్చి కుర్చీకి పాదాలు పెట్టుకునే మెట్టు మీద ముందుకాళ్లు పెట్టింది. వద్దన్నప్పుడల్లా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా లిఫ్టు రిపేరు షాపులో వాళ్లు "నీకింత ఓపిక ఎక్కణ్ణించి వచ్చిందిరా" అని ఎగతాళి చేస్తున్నారు.

ఇప్పుడు నీ మరదలి కొలతల టేపు కింద పడేస్తే నోట కరుచుకొచ్చి ఒళ్లో పెడుతోంది.

కుర్చీ ఎక్కి దిగడానికి గుమ్మానికి వాలుబల్ల బిగించాను. గదిలో కుర్చీ తిరగడానికి చోటు చాల్లేదని తన కుట్టుమిషన్ అమ్మేశాను. కాళ్లతో తొక్కేది, ఇంక దానితో పనేముంది? చూసినప్పుడల్లా బాధపడుతుంది కూడా. ఇవేవీ తనకి చెప్పలేదు. వచ్చి చూసి ఆశ్చర్యపోవాలి.

వచ్చే వారమే తన రాక.

నీ తమ్ముడు


తమ్ముడూ,

బఠాణీ సంగతి తర్వాత. మిషన్ అమ్మే ముందు మరదల్ని అడిగావా? ఇరవై ఏళ్లు బట్టలు కుడుతూ దాని ముందు కూర్చున్న మనిషి.

వెళ్లి వెనక్కి తెచ్చుకో. దొరక్కపోతే తను ఇంటికి రాకముందే చెప్పు.

అక్క


అక్కా,

మిషన్ దొరకలేదు. పాతసామాన్ల వాడు అప్పటికే విరగ్గొట్టి ఇనుము కింద అమ్మేశాడు. తనకి చెప్పడానికి ఆస్పత్రికి రెండుసార్లు వెళ్లి, చెప్పకుండానే వచ్చాను.

నిన్న వచ్చింది. బఠాణీ పారిపోలేదు. ఆమె చెయ్యి చాపితే వచ్చి ముక్కు ఆనించింది. ఆస్పత్రి పాలయ్యాక ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

తర్వాత గదిలోకి వెళ్లింది. నేల మీద మిషన్ కాళ్ల గుర్తులు నాలుగూ ఉన్నాయి.

"మిషన్ ఏదండీ?"

చెప్పాను.

"దానికి చేత్తో తిప్పే చక్రం బిగించుకోవచ్చట. ఆస్పత్రిలో నెల నుంచీ అలాంటి మిషన్ మీద కుట్టడం నేర్చుకుంటున్నాను. ఇంటికొచ్చి కుట్టి మీకు చూపిద్దామని చెప్పలేదు."

అప్పుడే బఠాణీ టేపు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. ఎలా నేర్పారని అడిగింది. వద్దంటే ఆగాలి, లాగకూడదు, దానంతట అదే రావాలి... నువ్వు రాసిందే చెప్పాను.

"అయితే దీన్ని అడగడం నేర్చుకున్నారన్నమాట" అంది.

హాల్లోకి తీసుకెళ్దామని కుర్చీ పట్టుకున్నాను. బ్రేకు వేసింది. "చెయ్యి తియ్యండి." తీశాను. ఆస్పత్రి పక్కన చక్రాల కుర్చీల్లో తిరిగేవాళ్ల హాస్టల్ ఉంది. తనే ఫోన్ చేసి వాళ్ల వ్యాన్ పిలిపించుకుంది. టేపు ఒళ్లోనే ఉండిపోయింది.

బఠాణీ వాలుబల్ల మీద నిలబడి వ్యాన్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. నేను పిలవలేదు. వ్యాన్ వెళ్లాక కూడా అక్కడే పడుకుంది. "రా" అని లోపలికి పిలిచి దానికి చూపించే మంచి ఏముంది?

పొద్దున ఆమెకి ఉత్తరం రాశాను. చేత్తో తిప్పే మిషన్ ఎలాంటిది కావాలో అడిగాను. ఇంటికి రమ్మని మాత్రం రాయలేదు.

నీ తమ్ముడు