ఊరికే వచ్చే రెండు పడకలు

అక్కా,

కొండ మీద ప్రతి మజిలీలోనూ మనకని రెండేసి పడకలు చేతిలో ఉన్నాయి. అవి అలాగే ఉన్నాయి, ముందు ఆ కంగారు వదిలెయ్యి. పాలు కాచి మూత పెట్టాను. ఈ పూట కొట్టు తెరవడం లేదు, ఎవరైనా వస్తే సాయంత్రం రమ్మను.

విడిది గుడిసెలు చూసుకునే అతను, పదిమందిని తీసుకొస్తే మనిద్దరికీ ఊరికే ఇస్తానన్నాడు. ఊరికే వచ్చేదాన్ని వదిలే రకం కాదు కదా నేను. బజారులో కనిపించిన ప్రతివాడినీ కలిపేశాను. "క్లాసులో అరిచి అరిచి గొంతు పోయిందిరా, నన్నెవరూ పలకరించని చోట నడవాలి" అని నువ్వన్న మాట అప్పుడు గుర్తు రాలేదు. నిన్న బకెట్ల కొట్టాయన గుమ్మంలోంచే "అక్కా, పేకముక్కలు నేను తెస్తున్నా, పాటలు మీవే!" అని కేకేసినప్పుడు గుర్తొచ్చింది. కొత్త బూట్లు తీసి మళ్లీ అట్టపెట్టెలో పెట్టేశావు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఒక్కొక్కరి కొట్టుకూ వెళ్లి, రావద్దని చెప్పి వస్తాను. పదిమంది లేకపోతే పడకలు ఊరికే రావు, వాటి డబ్బు నేనే కడతాను. నీకు ఒంట్లో బాగోలేదని చెబుదామనుకున్నాను. మళ్లీ నీ మీదికే నెట్టడానికి సిగ్గేసింది. బుద్ధితక్కువ పని చేసింది నేనేనని చెబుతాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం మా బజారులో ఎంత తలవంపో నీకు తెలుసు.

నేను రావాలో వద్దో నువ్వే తేల్చు. రమ్మంటే నోరు మూసుకుని నీ వెనకాలే నడుస్తాను. వద్దంటే కొండ కింద దిగబెట్టి తిరిగొస్తాను.

అన్నట్టు, ఇంత బేరమాడి నేను సంపాదించింది ఇదొక్కటే. పక్క గదిలోనే ఉన్న నీకు ఎదురుపడలేక, నువ్వు లేవకముందే చీటీ రాసిపెట్టి పోతున్నాను.