రెండో సాక్షి వస్తేనే చెల్లే వీలునామా

కడప జిల్లా జమ్మలమడుగు కాపురస్తుడనూ, ముప్పై నాలుగేళ్లు దస్తావేజు లేఖరిగా పనిచేసి విరమించినవాడనూ అయిన పద్మనాభయ్య అను నేను, వయస్సు అరవై మూడు, నా తదనంతరం జరగవలసిన ఏర్పాట్ల గురించి స్వహస్తంతో రాస్తున్న వీలునామా.

ఈ చోట ‘పూర్తి స్వస్థచిత్తంతో’ అని రాయాలి. ఇతరుల కోసం ఆ మాట కొన్ని వేలసార్లు రాశాను, ఒక్కరినీ అడిగి రాయలేదు. చచ్చిపోయిన ఎనుముకు కూడా వాటా పెట్టమన్న పెద్దమనిషికీ అదే రాశాను. నా వంతు వచ్చేసరికి కలం కదల్లేదు. నాకు తాగుడూ ఉండేది, మనసు ఉన్నట్టుండి ఎగిరి ఉన్నట్టుండి కూలబడే జబ్బూ ఉంది. ఆ ఊపులో ఒకసారి గండి కొండను ఆంజనేయస్వామికి దానపత్రం రాసి, రిజిస్ట్రేషను వరుసలో నిలబడ్డాను. కొండ నాది కాదు. స్వామి అక్కడ ముందునుంచే ఉన్నాడు.

అందుకని సంగతిని మా గుంపులో ఓటుకు పెట్టాను. వ్యసనమూ మనోవ్యాధీ రెండూ ఉన్నవాళ్లం నలుగురం, కౌన్సెలర్ కెరోలిన్ మేడంతో కలిపి ఐదుగురం. ప్రతి శనివారం పొద్దున ప్రొద్దుటూరులో ఒక టైలరింగ్ స్కూలు మేడమీద, కుట్టుమిషన్ల ముందు స్టూళ్లమీద కూర్చుని కష్టాలు చెప్పుకుంటాం. ఈశ్వరమ్మ చెయ్యెత్తి, “శనివారం పూట తెలివిగానే ఉంటాడప్పా, మిగతా దినాలు వాళ్లింట్లో అడగండి” అంది. దేవపాలు రెండు చేతులూ ఎత్తాడు, రెండోది తన చెవిలో మాట్లాడే ఆయన తరఫున. మేడం ఒక్కటే లెక్కపెట్టారు. అయినా తీర్మానం నెగ్గింది. ఈరోజు శనివారం కనుక నాకు స్వస్థచిత్తం ఉన్నట్టే.

1. జమ్మలమడుగులోని నా ఇల్లు నా భార్య అలివేలుమంగ సర్వహక్కులతో అనుభవించవలసినది. బియ్యం డ్రమ్ములోంచి, దేవుడి పటాల వెనకనుంచి నా సీసాలు వెతికి పారబోసింది ఆమె. ఆ ఇంట్లో ఏ మూల ఏముందో నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. మోటారు గది రేకుల కింద ఒకటి మాత్రం దొరకలేదు. మంగా, ఇది చదవగానే పోయి పారబొయ్యి. నన్ను పంపకు.

2. నా బస్సు టికెట్ల కట్ట కెరోలిన్ మేడంకు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. తాగుడు మాన్పించే చోటికి పోతే ‘ముందు తల బాగుచేయించుకుని రా’ అన్నారు. తల చూసే చోటికి పోతే ‘ముందు తాగుడు మానుకుని రా’ అన్నారు. జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు, మళ్లీ జమ్మలమడుగు, ఇట్లా ఆరునెలలు తిరిగాను. నా రెండు జబ్బులనూ ఒకే సీట్లో కూర్చోనిచ్చింది బస్సు కండక్టరు ఒక్కడే. టికెట్లు ఆ రెండు చోట్లవాళ్లకూ చెరిసగం పంచవలసినది.

3. పులివెందులలోని మా బావమరిది భార్గవ్‌కు, ఏడు గదులున్న నా వారం మాత్రల డబ్బా. ఖాళీది. పెళ్లిళ్లలో నన్ను చూపించి “ఆయన్ని కదిలించొద్దండప్పా” అని పదిమందికీ చెప్పిన ఘనుడు. తాను రోజూ సాయంత్రం పుచ్చుకునే రెండు గ్లాసులు మాత్రం అరుగుదలకట. ఏ జబ్బూ లేని మనిషి కనుక డబ్బాలో సోంపు పోసుకోవచ్చు.

4. ఈశ్వరమ్మకు కుట్టుమిషన్ బెల్టు. నిద్రమాత్రలకూ దిగులుకూ చిక్కిన మనిషి. నోరు తెరిస్తే ఆమె కాలు ఊరుకోదు, మిషన్ తొక్కుతుంది. కష్టం పెద్దదయ్యేకొద్దీ వేగం పెరిగి మాట వినబడదు. ఒకరోజు మొగుడి సంగతి చెబుతూ తన పైటకొంగును తానే కుట్టేసుకుంది. మేడం బెల్టు విప్పేశారు. అప్పటినుంచి ఈశ్వరమ్మ ఏ కష్టమైనా సగంలో ఆపేస్తోంది. పాపం, నాకు చూడబుద్ధి కాలేదు. ఆ బెల్టు తీసి సంచిలో దాచాను. మళ్లీ తగిలించవలసినది. సూది మాత్రం తీసేయండి.

5. మా గుంపులో ‘నేను బాగుండా’ అనడం నిషిద్ధం. అన్నవాళ్లు వచ్చే శనివారం అందరికీ టీ పెట్టాలి. ‘బాగుండా’ అని చెప్పి ఇంటికి పోయినవాడు ఏం చేస్తాడో మాకందరికీ అనుభవమే. కలమల్ల కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఇమ్తియాజ్ మూడు శనివారాలుగా రాలేదు. ఫోను చేస్తే, “మాత్రలు ఇడిసిపెట్టినా మామా. నేను శానా బాగుండా” అన్నాడు. ఆ ‘శానా’ వినగానే నాకు గండి కొండ దానపత్రం గుర్తుకొచ్చింది. ఇక్కడికి వచ్చిన మొదటిరోజు నేను సిగ్గుతో మెట్ల కిందే నిలబడిపోతే, “పైకి రా మామా, ఈడ అందరమూ ఇంతే” అని చెయ్యి పట్టుకుని ఎక్కించినవాడు అతనే.

6. సాక్షికి ఆస్తి రాయకూడదని జనానికి నేనే చెప్పేవాణ్ని. కాబట్టి ఇమ్తియాజ్‌కు ఏమీ రాయడం లేదు. రెండో సాక్షి అతనే. ఇద్దరు సాక్షులు లేనిదే వీలునామా చెల్లదు. అతను ఈ మేడెక్కి నా ఎదుట సంతకం పెట్టేదాకా ఈశ్వరమ్మకు బెల్టు లేదు, భార్గవ్‌కు డబ్బా లేదు. ఇంకెవరు పెడతామన్నా నేను ఒప్పుకోను. దీని జిరాక్సు కలమల్లకు పంపుతున్నాను.

ఒరే ఇమ్తియాజ్, నాకు చావు తొందరేమీ లేదు. నా లివరు గురించి డాక్టరు ఇంకా ఆశగానే మాట్లాడుతున్నాడు. ఈ కాగితం నీకోసమే రాశాను. నీకేమన్నా అయితే నేను తట్టుకోలేను.

ప్రొద్దుటూరు, 15 నవంబరు 2025, శనివారం.

(సంతకం) పద్మనాభయ్య

సాక్షులు:

1. దేవపాలు, రిటైర్డు టీచరు, కమలాపురం. ఒక్క సంతకమే పెట్టాను.

2. ఇమ్తియాజ్, కలమల్ల. 29 నవంబరు, శనివారం. పైది తన సంతకమేనని మామ నా ముందర చెప్పినాడు. ఈ పొద్దు టీ నేనే పెడ్తాండా. వచ్చినా మామా. నేను బాగలేను.